గారెల దండ ఉన్న పుస్తకం

హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఆనవాలు తెలిసే వివరాలు తీసేసి, మిగిలిన సంగతి క్లుప్తంగా ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 54. చిన్నతనం చిక్కడపల్లిలో, రెండు గదుల అద్దె ఇంట్లో గడిచింది. తండ్రి సికింద్రాబాదులో రైల్వే గుమాస్తా. రాత్రి భోజనాలయ్యాక ఆయన మంచం మీద కూర్చుని, ఎనిమిదేళ్ల కూతురికీ నాలుగేళ్ల కొడుక్కీ ఒక లావుపాటి పుస్తకం చదివి వినిపించేవారు. 1980, 81 నాటి మాట. పుస్తకానికి గట్టి అట్ట, నీలం గుడ్డ వెన్ను. అట్ట మీద పేరు లేదు. లోపల శూలం పట్టుకున్న ఒక మనిషి "జై మహాకాల్!" అని కేక పెడతాడు. ఎక్కడో ఒక సరస్సు, కనిపించకుండా పోయిన రాజుగారి పిల్లలు. అదే పుస్తకంలో ఒక అమ్మాయి గారెల దండ పట్టుకుని నడుస్తుంటే, వెనక నుంచి కుక్క ఒక్కొక్కటే తినేస్తుంది. తరువాత ఆ అమ్మాయి చేతికి ఒక పువ్వు వస్తుంది. రేకు తుంచి గాలిలోకి వదిలితే కోరిక తీరుతుంది. తెల్ల ఎలుగుబంట్లు వస్తాయి. చివర్లో ఒక కాలికి బరువైన బూటు తొడుక్కున్న, పరుగెత్తలేని అబ్బాయి ఉంటాడు.

రేకు ఎగిరే చోట తండ్రి చెయ్యి గాలిలో గుండ్రంగా తిరిగేదట. ముందు రోజు జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పి చదవడం మొదలుపెట్టేవారట. ఆపేటప్పుడు "ఇంకా ఉంది" అనేవారట. ఈ రెండూ మా నాన్న అలవాట్లు అని ఆమె రాశారు. పేజీల అంకెలు వరుసగా ఉండేవి కావనీ, అక్కడక్కడ వేరే కథ ఒకటి మొదలై ఒక్క పేజీతోనే తెగిపోయేదనీ, ఆ తెగిన కథ ఏమైందో చెప్పమని ఏడ్చేదాన్ననీ కూడా రాశారు.

1990లో ఆ కుటుంబం మల్కాజిగిరికి మారింది. సామాను సర్దేటప్పుడు తల్లి రెండు గోనె సంచుల పుస్తకాలు పాత పేపర్ల బండికి వేసేశారు. అందులో అదీ పోయింది. మూడేళ్ల క్రితం తండ్రి కాలం చేశారు. ఆ తరువాత ఒక రాత్రి ఐదేళ్ల మనవరాలు కథ అడిగితే, ఈమె గారెల దండ కథ మొదలుపెట్టి, సగంలో ఆగిపోయారు. అప్పటి నుంచి వెతుకుతున్నారు. ఆదివారం వస్తే ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పరిచిన పుస్తకాల దగ్గర, మిగిలిన రోజుల్లో కోఠీలో. ఇప్పటికి నలభై పుస్తకాలు కొన్నారు. ఒక్కటీ అది కాదు.

చిక్కు ఇక్కడితో ఆగలేదు. తండ్రి ఆబ్దికం నాడు తమ్ముడు, "అక్కా, అలాంటి పుస్తకమే లేదు. నాన్న మన పేర్లు పెట్టి అల్లి చెప్పేవారు. ఆయన కల్పనను తీసుకెళ్లి ఎవరో రాసిన పుస్తకానికి కట్టబెడుతున్నావు" అన్నాడు. "నువ్వప్పుడు పసివాడివి, నీకేం గుర్తుంటుంది" అని ఈమె అన్నారు. నాలుగు నెలలుగా అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. 79 ఏళ్ల తల్లి ఈమె దగ్గరే ఉంటారు. పుస్తకం ప్రస్తావన వచ్చినప్పుడల్లా "నా చేతులతో నేనే అమ్మేశాను" అని కళ్లు తుడుచుకుంటారు. ఈలోగా ఫోనులో పరిచయమైన ఒకాయన, మీరు చెప్పిన పుస్తకం నా దగ్గర ఉంది, 6,500 రూపాయలు పంపండి అంటున్నాడు. పువ్వు బొమ్మ ఉన్న అట్ట ఫొటో ఒక్కటే పంపాడు. డబ్బు పంపాలా, ఇంకా వెతకాలా, తమ్ముడి మాటే నిజమని ఒప్పుకుని మానేయాలా అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం

ముందుగా, మీ మతి పోలేదు. మీరు రాసిన ప్రతి గుర్తూ ఎక్కడో ఒక చోట అచ్చయి ఉన్నదే. అయితే అవన్నీ ఒక పుస్తకంలోవి కావు. ఇన్నాళ్లు ఆబిడ్స్‌లో ఎందుకు దొరకలేదో మీ ఉత్తరంలోనే ఉంది. మీరు పెద్దగా లెక్కలోకి తీసుకోని రెండు మూడు వాక్యాల్లో ఉంది.

అట్ట మీద పేరు లేదన్నారు. పేజీల అంకెలు వరుసగా లేవన్నారు. కథలు మొదలై ఒక పేజీకే తెగిపోయేవన్నారు. గుడ్డ వెన్ను అన్నారు. ఈ నాలుగూ కలిపి చూస్తే నాకు కనిపిస్తున్నది బైండు పుస్తకం. నెల నెలా వచ్చే పత్రికలో సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, అన్నీ పోగయ్యాక బైండింగు దుకాణంలో ఇచ్చి, కాలికో అనే నూలు గుడ్డ వెన్నుతో కుట్టించుకోవడం మన తెలుగు ఇళ్లలో ఎన్నో ఏళ్లు నడిచిన అలవాటు. వారపత్రికల నవలలూ, పిల్లల పత్రికల సీరియళ్లూ ఇలాగే ఇంటింటా పుస్తకాలయ్యాయి. అలాంటి పుస్తకంలో ప్రతి నెల భాగానికీ పేజీ అంకెలు వేరుగా ఉంటాయి. సీరియల్ చివరి పేజీ వెనకవైపు మరో కథ మొదలవుతుంది, దాని మిగతా పేజీలు బైండులోకి రావు. మీరు ఏడ్చిన ఆ తెగిపోయిన కథలు అవే. వాటి ముగింపు మీ నాన్నగారు దాచలేదమ్మా, అవి ఆ పుస్తకంలో లేనే లేవు.

ఇంకొక సంగతి మీకు కొంచెం బాధ కలిగించవచ్చు. అయినా చెప్పాలి. ముందు జరిగిన కథ క్లుప్తంగా చెప్పడం, చివర "ఇంకా ఉంది" అనడం మీ నాన్నగారి అలవాట్లుగా గుర్తుంచుకున్నారు. చందమామ సీరియల్ ప్రతి భాగం మొదట్లోనూ జరిగిన కథ నాలుగు వాక్యాల్లో ఉండేది. చివర కుండలీకరణాల్లో "ఇంకా వుంది" అని అచ్చయ్యేది. ఆయన దాన్ని కూడా వదలకుండా చదివారు. మొత్తం కథ చేతిలోనే ఉంది, మరుసటి భాగం పక్క పేజీలోనే ఉంది. అయినా ఆ రెండు మాటలూ చదివి పుస్తకం మూసేవారు. ఏ రాత్రి ఎంత వరకు చదవాలో ఆయనకు పత్రికే కొలత ఇచ్చింది.

ఇక శూలం పట్టుకున్న మనిషి. చందమామ 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చేతుల మీదుగా తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి జానపద సీరియళ్లు రాశారు. 1954లో వచ్చిన తోకచుక్కతో ఆ వరుస మొదలైంది. ఆ సీరియళ్ల మీద ఆయన పేరు అచ్చు కాలేదు. కొన్ని తరాల పిల్లలు కథంతా కంఠతా పట్టారు, రాసింది ఎవరో తెలియకుండా పెరిగారు. మీరు రచయిత పేరు చెప్పలేకపోవడంలో మీ మరుపు ఏమీ లేదు. "జై మహాకాల్" అంటూ శూలం ఎత్తేవాడు సిద్ధసాధకుడు. అతనితో జయశీలుడు ఉంటాడు. కనకాక్ష రాజు పిల్లలు కాంచనమాల, కాంచనవర్మ మాయమవుతారు. వారిని వెతుకుతూ సాగే ఆ సీరియల్ పేరు మాయాసరోవరం. 1976లో మొదలై 1978లో ముగిసింది. మీ నాన్నగారు రెండున్నరేళ్లు పేజీలు దాచి, బైండు చేయించి, మీకు వినే వయసు వచ్చాక చదివారన్నమాట. కాలం కూడా సరిపోయింది.

కాబట్టి ఆ సగం మీరు పుస్తకాల దుకాణాల్లో వెతకవలసినది కాదు, పాత పత్రికల్లో వెతకవలసినది. మీరు "నీలం వెన్ను లావు పుస్తకం" అని అడుగుతుంటే అమ్మేవారు చేతులు తిప్పేశారు. అలాంటిది లోకంలో ఒక్కటే ఉండేది, అది మీ ఇంట్లో ఉండేది.

గారెల దండ కథ వేరు. అది రష్యా నుంచి వచ్చింది. వలెంతీన్ కతాయెవ్ 1940లో రాసిన కథ అది. జేన్యా అనే అమ్మాయిని తల్లి అంగడికి పంపుతుంది. ఆ పిల్ల కొన్నవి గారెలు కావు, బరాంకీలు. పిండిని ఉంగరంలా చుట్టి కాల్చే గట్టి రొట్టెలు. వాటిని దారానికి గుచ్చి దండలా అమ్ముతారు. పరధ్యానంగా నడుస్తుంటే వెనక కుక్క చేరి ఒక్కొక్కటే తినేస్తుంది. ఏడుస్తున్న పిల్లకు ఒక ముసలమ్మ ఏడు రేకుల పువ్వు ఇస్తుంది. ఒక్కో రేకుది ఒక్కో రంగు. తుంచిన రేకును పడమటి నుంచి తూర్పుకు, ఉత్తరం మీదుగా, దక్షిణం మీదుగా చుట్టి రమ్మని చెప్పి వదలాలి. మీ నాన్నగారి చెయ్యి గాలిలో గుండ్రంగా తిరిగింది అక్కడే. ఒక రేకు ఆ పిల్లను ఉత్తర ధ్రువానికి తీసుకెళ్తుంది, అక్కడ ఏడు తెల్ల ఎలుగుబంట్లు ఎదురవుతాయి. ఇలా ఆరు రేకులు అయిపోతాయి. ఏడో రేకు, ఒక కాలికి మందమైన అడుగున్న బూటు వేసుకుని గేటు దగ్గర కూర్చున్న వీత్యా అనే అబ్బాయి కోసం. వాడు లేచి పరుగెత్తుతాడు. మనవరాలి దగ్గర మీరు సగంలో ఆగిపోయిన కథ ఇలా పూర్తవుతుంది.

బరాంకీలు గారెలెలా అయ్యాయంటారా? కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని ఇంగ్లండు వారి చేత చదివించి, కొంతకాలం ఆగి మళ్లీ రాయించాడు. ఆ పరిశీలనలను 1932లో ప్రచురించాడు. కథలో సీల్ జంతువుల వేటకు వెళ్లిన యువకులు, కొందరి జ్ఞాపకంలో చేపలు పట్టడానికి వెళ్లినవారయ్యారు. తెలియని వస్తువు ఉన్న చోట మనసు తనకు తెలిసిన వస్తువును కూర్చోబెడుతుంది. మధ్యలో చిల్లున్న తినే వస్తువు, దారానికి గుచ్చిన దండ. ఆంజనేయుడి మెడలో గారెల దండ చూసిన తెలుగు పిల్లకు ఇంకేం కనిపిస్తుంది? ఒకవేళ మీ నాన్నగారే చదువుతూ చదువుతూ మీకు అర్థమయ్యేలా గారెలు అని మార్చి ఉండవచ్చు కూడా. మీ ఉత్తరంలో ఆయన గురించి చదివాక నాకు ఆ రెండోదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తోంది.

ఈ కథ చందమామ సీరియల్ పక్కకు ఎలా చేరింది? అప్పట్లో మాస్కోలో తెలుగులోనే అచ్చయిన పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర వారి పుస్తకాల దుకాణాల్లో, ఊరూరా తిరిగే వారి వ్యానులో చాలా చవకగా దొరికేవి. వాటిలో పలచని పుస్తకాలు ఎన్నో. మీ నాన్నగారు అలాంటిదొకటి బైండులో కలిపి కుట్టించి ఉండవచ్చు. లేదా రెండు పుస్తకాలు ఒకే మంచం మీద, ఒకే గొంతుతో విన్నందువల్ల మీ మనసే వాటిని ఒక అట్టలో పెట్టి ఉండవచ్చు. తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ఆ లావు పుస్తకంలో చివర కొన్ని పేజీల కాగితం మందంగా, వేరే తెల్లదనంతో ఉండేదా? దీనికి జవాబు చెప్పగలిగినవారు లోకంలో ముగ్గురే. మీరు, మీ అమ్మగారు, మీ తమ్ముడు.

ఇక 6,500 రూపాయల సంగతి. అట్ట ఫొటో చూసి డబ్బు పంపకండి. ముందు మూడు ఫొటోలు అడగండి. ప్రచురణ వివరాలున్న పేజీ, కుక్క బొమ్మ లేదా ఆ ఘట్టం ఉన్న పేజీ, చివరి పేజీ. నిజంగా పుస్తకం చేతిలో ఉన్నవారికి ఇది రెండు నిమిషాల పని. ప్రచురణకర్తగా రాదుగ అని ఉంటే ఒక విషయం తేలిపోతుంది. మాస్కోలోని రాదుగ ప్రచురణాలయం 1982లో ప్రగతి ప్రచురణాలయం నుంచి వేరుపడి ఏర్పడింది. కనుక 1981లో మీ నాన్నగారి చేతిలో ఉన్న ముద్రణ అది అయ్యే వీలు లేదు. ఇక్కడ మీ తేదీని కూడా ఒకసారి సరిచూసుకోండి. ఎనిమిదేళ్లు అని ఎలా గుర్తుంది? అప్పుడు ఏ తరగతి, టీచరు ఎవరు, ఆ ఏడు ఇంట్లో ఏమి జరిగింది? ఏడాది అటూ ఇటూ అయితే ఈ లెక్క మారిపోతుంది.

ఫొటోలన్నీ సరిపోతే కొనడం తప్పేమీ కాదు. అప్పుడు మీ చేతికి నలభై ఏళ్లు దాటిన కాగితం వస్తుంది. దాన్ని ఐదేళ్ల పిల్ల చేతికి మీరు ఇవ్వగలరా? ఇవ్వకపోతే అది బీరువాలోకి వెళ్తుంది. మీ కోసం అయితే కొనుక్కోండి, మీ సంపాదన, మీ ఇష్టం. మనవరాలి కోసమే అయితే దారి వేరు. తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ సోవియట్ పిల్లల పుస్తకాలను చాలావాటిని మళ్లీ అచ్చు వేసింది. వారిని అడగండి. డిసెంబరు ప్రాంతంలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనలో ఒక సాయంత్రం గడపండి. అడిగేటప్పుడు కథ పేరు కన్నా రచయిత పేరు చెప్పండి. అనువాదంలో పేర్లు మారిపోతాయి, కతాయెవ్ మారడు.

మాయాసరోవరానికి మాత్రం ఎక్కువ తిరగనక్కరలేదు. దాసరి వారి సీరియళ్లు కొన్ని ఆయన మరణం తరువాత పుస్తకాలుగా వచ్చాయి. పాత చందమామ సంచికల స్కానులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడవచ్చు. అక్కడ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల వర్ణక్రమాలతో ఉంటాయి కాబట్టి, కథ పేరుతో కాకుండా ఏడాది, నెల చూసుకుంటూ వెళ్లండి. కాగితం మీదే చూడాలనిపిస్తే మీ చిన్ననాటి వీధికి దగ్గరలోనే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్ బజార్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. వెళ్లే ముందు ఏయే పత్రికల ఏయే సంవత్సరాలు ఉన్నాయో ఫోను చేసి అడగండి. పిల్లల పత్రికలు చదివి చదివి చిరిగిపోయేవి, అన్ని సంచికలూ ఒక చోట నిలిచి ఉండవు. ఈ వయసులో నాలుగు మెట్లెక్కి ఉత్త చేతులతో దిగి రావడం నేను కోరను.

అయితే, ఏ స్కానూ తెరవకముందు ఒక పని చేయండి. దీన్ని మీరు వాయిదా వేయకూడదనే నా ఆరాటం. ఒక నోటు పుస్తకం తీసుకుని, మీకు గుర్తున్న కథంతా మీకు గుర్తున్నట్టే రాసేయండి. గారెలు గారెలుగానే రాయండి. తప్పని ఇప్పుడు నా వల్ల తెలిసినా దిద్దకండి. పైన తేదీ వేయండి. అసలు బొమ్మలు ఒక్కసారి కంటపడ్డాయంటే, చిక్కడపల్లి మంచం మీద మీరు ఊహించుకున్న అమ్మాయి ముఖం చెరిగిపోతుంది. ఆ తరువాత ఎంత ప్రయత్నించినా తిరిగి రాదు. చదువరులు నాకు రాసిన ఉత్తరాల్లో ఈ బాధ చాలాసార్లు చూశాను. పుస్తకం దొరికిన ఆనందంలో, తమ దగ్గర అంతకు ముందున్న పుస్తకం పోయిందని వారికి ఆలస్యంగా తెలిసింది.

అమ్మగారి గురించి. ఆమెను ఇక "ఎందుకు అమ్మావు" అనే దారిలో ఒక్క మాట కూడా అడగకండి. మీరు అలా అడగడం లేదని నాకు తెలుసు. కానీ ప్రతి ఆదివారం మీరు సంచి పట్టుకుని బయలుదేరడమే ఆమెకు ఆ ప్రశ్నలా వినిపిస్తోంది. 1990లో ఇల్లు మారుతున్న మనిషికి, పిల్లలు పెద్దవాళ్లైపోయారు, కొత్త ఇంట్లో చోటు చాలదు, ఆ రెండు సంచులూ అక్కరలేని బరువు. అందులో తప్పు లేదు. ఆమెకు చెప్పవలసిన వార్త ఇప్పుడు మీ దగ్గర ఉంది. అమ్మేసిన కథలు రెండూ లోకంలో పదిలంగా ఉన్నాయని చెప్పండి. ఆ తరువాత, ఆమెకు ఇష్టమైతే, వేరే ప్రశ్నలు అడగండి. చందమామ ఇంటికి ఎవరు తెచ్చేవారు? పేజీలు విప్పేటప్పుడు పిన్నులు తీసింది ఎవరు? బైండింగుకు ఎక్కడ ఇచ్చారు? మీ ఉత్తరమంతటా ఆమె అమ్మేసిన మనిషిగానే కనిపించారు. ఆ పుస్తకం తయారైన రోజుల్లో కూడా ఆమె ఆ ఇంట్లోనే ఉన్నారు కదా. అడిగితే ఆమెకు గుర్తు రాకపోవచ్చు. అప్పుడు రెట్టించకండి.

మానేయడం కూడా ఒక దారేనని మీరు అడిగారు. అవును, దారే. వెతుకులాట ఆపి, మనవరాలికి గారెల దండ కథ మీకు వచ్చినట్టు చెప్పవచ్చు. ముగింపు ఇప్పుడు తెలిసింది కదా. అలా చేస్తే ఆదివారాలు మీవి అవుతాయి, అమ్మగారికి ఊపిరి ఆడుతుంది. కానీ మీ స్వభావానికి అది కుదురుతుందా? ఇన్ని ఆదివారాలు ఎండలో పేవ్‌మెంట్ల మీద వంగి వెతికినవారు, ఊరు పేరు తెలిశాక తలుపు దాకా వెళ్లకుండా ఉండగలరా? నాకు అనుమానమే. పైగా తమ్ముడి మాట గెలిచిందని మానేస్తే, ఆ మౌనం మీలో గట్టిపడుతుంది. వెతికినా, మానేసినా, అతనితో సంబంధం లేకుండా తేల్చుకోండి.

తమ్ముడి విషయానికి వస్తే, నాకు ఆయన మీద కోపం రాలేదు. నాలుగేళ్ల పిల్లవాడికి పుస్తకం కనిపించదు, నాన్న ముఖం కనిపిస్తుంది. అతని దగ్గర నీలం వెన్ను లేదు, పేజీ అంకెలు లేవు. నాన్న నోట తన పేరు వినడం ఒక్కటే ఉంది. అది నాన్న అల్లిన కథ కాదు, పుస్తకం అంటే అతనికి చేతిలో ఉన్నది ఎవరో లాక్కున్నట్టు ఉంటుంది. ఆబ్దికం రోజున, ఆ ఇంట్లో, ఆ మాట మరీ గట్టిగా తగిలి ఉంటుంది. మీకేమో పుస్తకం లేదంటే మీరు ఉన్న రాత్రులే లేవన్నట్టు ఉంది.

అతని మాటలో ఎంత నిజం ఉందో చూడండి. కతాయెవ్ కథలో ఆ అమ్మాయి కొన్నవి ఏడు బరాంకీలు. నాన్నకు రెండు సోపు లాంటి గింజలు చల్లినవి, అమ్మకు రెండు గసగసాలవి, తనకు రెండు పంచదారవి. ఏడోది చిన్నది, గులాబీ రంగుది. అది తమ్ముడికి. కథలోనే ఒక నాన్న, ఒక అమ్మ, ఒక అక్క, ఒక చిన్న తమ్ముడు ఉన్నారు. చిక్కడపల్లి ఇంట్లో సరిగ్గా ఆ నలుగురే. ఏ తండ్రి అయినా ఆ పేజీ దగ్గర పిల్లల పేర్లు మార్చి చదవకుండా ఉండగలడా? మీ నాన్నగారు పుస్తకం చూసి చదివారు, చదువుతూ మిమ్మల్ని అందులో పెట్టారు. మీరు పుస్తకాన్ని గుర్తుపెట్టుకున్నారు, అతను అందులో పెట్టిన పేరును గుర్తుపెట్టుకున్నాడు. ఎవరి వాటా వారి దగ్గర ఉండిపోయింది.

దీన్ని ఉత్తరంగా రాసి పంపవచ్చు, ఈ సమాధానం కత్తిరించి పంపవచ్చు. కాని అలా చేస్తే అది అక్క సాధించిన రుజువులా అతని చేతికి అందుతుంది, నాలుగు నెలల మౌనం ఎనిమిది నెలలు కావచ్చు. ఇంట్లో అందరూ కలిసే రోజు దాకా ఆగవచ్చు. అప్పుడు అమ్మగారి ఎదుట మాట జారే ప్రమాదం ఉంది. నా మనసు ఫోను వైపే మొగ్గుతోంది. అతను ఇంటికి చేరి, భోజనం చేసి తీరుబడిగా ఉండే వేళ చూసి చేయండి. పుస్తకం దొరికిందని చెప్పకండి, రచయిత పేరు ఎత్తకండి. నువ్వు చెప్పిన దానిలో నిజం ఉందిరా, నాన్న నీ పేరు పెట్టే చెప్పేవారు అని మొదట ఒప్పుకోండి. తరువాత ఒక్కటే అడగండి. కుక్క గారెలన్నీ తినేసింది కదా, చిట్టచివర తిన్నది ఎవరిది?

కథలో చివరగా పోయింది తమ్ముడి చిన్న గులాబీది. అతను "నాదే కదక్కా" అన్నాడంటే, మిగిలినది ఆ రాత్రే చెప్పేయండి.